గుర్రమా, యంత్రమా: శాండ్‌హిల్స్ పచ్చిక బయళ్ల పశుపాలనపై ఒక సంవాదం

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో సుమారు 50 వేల చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన శాండ్‌హిల్స్ ప్రాంతం పేరుకు తగ్గట్టే ఇసుక దిబ్బల నేల. ఆ దిబ్బలను గడ్డి వేళ్లు పట్టి ఉంచడం వల్లనే అది ఎడారి కాకుండా పశువుల మేతభూమిగా నిలిచింది. 1904 నాటి కింకేడ్ చట్టం కింద ఒక్కొక్క కుటుంబానికి 640 ఎకరాల చొప్పున భూమి ఇచ్చి సేద్యాన్ని ప్రోత్సహించినా, నాగలి పడిన చోటల్లా ఇసుక లేచిపోవడంతో, వచ్చినవారిలో చాలామంది తమ భూములను పశుపాలకులకు అమ్మి వెళ్లిపోయారు. అక్కడి చెర్రీ కౌంటీలో మనుషులు ఐదున్నర వేలకు మించరు, కానీ మాంసం కోసం పెంచే ఆవుల సంఖ్యలో అమెరికా కౌంటీలన్నిటిలోనూ దానిదే అగ్రస్థానం. ఇంత తక్కువమంది అన్ని పశువులను ఎలా చూసుకుంటారన్న ప్రశ్నకు జవాబు వెతికితే, రాంచ్ అని పిలిచే ఆ విశాల పశుక్షేత్రాలలో దశాబ్దాలుగా సాగుతున్న ఒక వాదం ఎదురవుతుంది. మంద దగ్గరికి గుర్రంపై వెళ్లాలా, క్వాడ్ బైక్‌పై వెళ్లాలా, చిన్న ట్రక్కులో వెళ్లాలా అన్నదే ఆ వాదం.

ఈ మూడు సాధనాలలో గుర్రం గురించి వివరణ అంతగా అక్కర్లేదు. అక్కడ పశువుల పనికి వాడేది ఎక్కువగా క్వార్టర్ హార్స్ జాతి అనీ, పావు మైలు పరుగులో మేటి కావడం వల్ల దానికి ఆ పేరు వచ్చిందనీ, 1940లో ఫోర్ట్ వర్త్‌లో ఆ జాతికి సంఘం ఏర్పడిందనీ చెబితే చాలు. క్వాడ్ బైక్ అంటే మోటారు సైకిల్ మాదిరిగా కాళ్లు చెరోవైపు వేసి కూర్చుని, హ్యాండిల్‌తో నడిపే నాలుగు చక్రాల బండి. ఏటీవీ అన్నా అదే. 1970లో హోండా సంస్థ అమెరికా మార్కెట్‌లోకి తెచ్చిన మూడు చక్రాల బండి దీనికి పూర్వరూపం. అది తరచూ బోల్తా పడుతున్నందువల్ల 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం తయారీదారులు దాని అమ్మకం ఆపేయగా, నాలుగు చక్రాలదే మిగిలింది. చిన్న ట్రక్కులలో రెండు రకాలున్నాయి. ఒకటి ఇద్దరు పక్కపక్కన కూర్చోవడానికి సీట్లు, స్టీరింగ్, తలపైన ఇనుప చట్రం ఉండే సైడ్-బై-సైడ్ బండి. రెండవది జపాన్ రైతుల కోసం తయారైన కేయ్ ట్రక్కు, అంటే ఆ దేశపు నిబంధనల ప్రకారం 3.4 మీటర్ల పొడవు, 660 సీసీ ఇంజిన్ మించకుండా కట్టిన బుల్లి లారీ. 25 ఏళ్లు నిండిన విదేశీ వాహనాలకు అమెరికా భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు ఉన్నందువల్ల పాత సుజుకీ క్యారీలు, సుబారు సాంబార్లు, డైహట్సు హైజెట్‌లు ఓడలెక్కి ఆ దేశపు రాంచ్‌లకు చేరుతున్నాయి.

కింది సంవాదంలో అశ్వవాది, యంత్రవాది అన్న ఇద్దరూ కల్పితులే. వారు చెప్పే కారణాలు మాత్రం ఆ పచ్చిక బయళ్లలో రోజూ వినిపించేవే.

యంత్రవాది: గుర్రం పట్ల గౌరవం ఉండవలసిందే గాని, లెక్క దగ్గర గౌరవం పనికిరాదు. మేతభూమిపై ఎంత భారం పడుతుందో కొలవడానికి పశుశాస్త్రజ్ఞులు పశుప్రమాణం అనే కొలత వాడతారు. దూడతో ఉన్న ఒక ఆవు తినే మేత ఒక ప్రమాణమైతే, ఒక గుర్రం తినేది ఒకటింబావు ప్రమాణంగా లెక్కిస్తారు. నాలుగు గుర్రాలను పోషించే క్షేత్రం ఐదు ఆవులకు సరిపడే గడ్డిని అమ్మకానికి రాని జంతువులకు పెడుతున్నట్టే. పైగా గుర్రం పని చేసిన రోజూ తింటుంది, చేయని రోజూ తింటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి దాని గిట్టలు చెక్కించాలి, లాడాలు వేయించాలి. అప్పుడప్పుడు పళ్లూ అరగదీయించాలి. బండిని మాత్రం తాళం చెవి తీసి షెడ్డులో పెడితే పెట్రోలు చుక్క అడగదు.

అశ్వవాది: ఆ లెక్క తప్పు కాదు, కానీ సగం లెక్కే. బండి తినకపోయినా దాని విలువ ఏటేటా తరుగుతుంది, దాని విడిభాగం పట్టణం నుంచి వచ్చేదాకా పని ఆగుతుంది. రెండు మూడేళ్ల వయసులో జీనుకు అలవాటు పడిన గుర్రం, ఆరేడేళ్లకు పని పూర్తిగా నేర్చి, బాగా చూసుకుంటే పదిహేనేళ్లు దాటినా పశువుల మధ్య పని చేస్తూనే ఉంటుంది. పని నేర్చేకొద్దీ దాని విలువ పెరుగుతుంది. అయితే తిండి ఖర్చుతో మొదలుపెడితే ఈ వాదం ఎటూ తేలదు. అక్కడ చేయవలసిన పని ఏమిటన్నది ముందు తేల్చుకోవడం మంచిది.

యంత్రవాది: పని ఏమిటో చెప్పడం తేలికే. గాలిమరలు నీళ్లు తోడుతున్నాయా, తొట్లు నిండుతున్నాయా అని చూడాలి. తెగిన కంచె తీగ బిగించాలి. ఉప్పు దిమ్మెలు, ఖనిజ లవణాలు మోయాలి. కలుపు మొక్కలపై మందు కొట్టాలి. చలికాలంలో మేత వేయాలి. ఈ పనుల్లో పశువును తాకే అవసరమే లేదు, ఉన్నదల్లా దూరం, బరువు. జపాన్‌లో కేయ్ ట్రక్కుకు అనుమతించిన బరువు 350 కిలోలు. గుర్రం మోయదగినది తన బరువులో ఐదో వంతు, అంటే సుమారు 100 కిలోలు, అది జీనుకూ మనిషికే సరి. కంచె గుంజలు, తీగ చుట్ట, సుత్తి, మేకుల డబ్బా ఆ మనిషి ఒళ్లో పెట్టుకు పోలేడు కదా. ఈ సంగతి అమెరికన్ రైతుకు వందేళ్ల కిందటే తెలుసు. 1925లో ఫోర్డ్ సంస్థ మోడల్ టీ కారుకు వెనక సామాను పెట్టె అమర్చి అమ్మినప్పటి నుంచీ, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జీపులు పొలాలకు చేరినప్పటి నుంచీ బరువు మోసే పని గుర్రం నుంచి క్రమంగా తప్పుకుంటూనే వచ్చింది.

అశ్వవాది: బరువు విషయంలో ఈ పక్షానికి పట్టుదల లేదు. తీవ్రమైన చలిలో ట్రాక్టర్ స్టార్ట్ కాని ఉదయాల కోసం బరువు లాగే పెద్ద గుర్రాల జోడీని ఉంచుకుని, స్లెడ్జి మీద ఎండుగడ్డి వేసే కుటుంబాలు అక్కడక్కడా మిగిలి ఉన్నా, ఆ ఉదాహరణను పట్టుకుని వేలాడడం వాదానికి బలం కాదు. గాలిమర, కంచె, ఉప్పు దిమ్మె ట్రక్కువే. అయితే పశువు దగ్గరికి వెళ్లే క్షణం నుంచి లెక్క మారుతుంది. ఆవుకు కళ్లు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల సరిగ్గా తోక వెనక ఉన్న కొద్ది భాగం తప్ప చుట్టూ కనబడుతుంది. మనిషి వినలేని హెచ్చు ధ్వనులు కూడా దానికి వినిపిస్తాయి. దాని చుట్టూ ఒక అదృశ్య వలయం ఉంటుంది. కొత్తవారు ఆ వలయం అంచు తాకితే ఆవు కదులుతుంది, లోపలికి చొరబడితే పరుగు తీస్తుంది, బయటికి తప్పుకుంటే ఆగుతుంది. పశు ప్రవర్తనపై జీవితకాలం పనిచేసిన టెంపుల్ గ్రాండిన్ వంటివారు వివరించిన ఈ బెదురు వలయమే పశువులను తోలే విద్యకు ఆధారం. ఆవు భుజం దగ్గర మరొక గీత ఉన్నట్టు భావించాలి: ఆ గీతకు వెనకనుంచి సమీపిస్తే అది ముందుకు నడుస్తుంది, ముందునుంచి సమీపిస్తే వెనక్కి తిరుగుతుంది. తోలేవాడి పనంతా ఆ వలయపు అంచు మీద, ఆ గీతకు అటూ ఇటూ, అడుగు ముందుకు అడుగు వెనక్కి వేయడమే. గుర్రం ఒక అడుగు పక్కకు వేయగలదు, ఉన్నచోటే తిరగగలదు, నిశ్చలంగా నిలబడగలదు. క్వాడ్ పక్కకు అడుగు వేయలేదు. తిరగాలంటే ముందుకో వెనక్కో పోవాలి, ఆ పోవడంలోనే వలయం చెదిరిపోతుంది.

యంత్రవాది: వలయం సిద్ధాంతం సరైనదే, కానీ అది గుర్రానికి రాసిచ్చిన హక్కు కాదు. 2012లో మరణించిన బడ్ విలియమ్స్ పశువులను అరవకుండా, కొట్టకుండా, తొందర పెట్టకుండా తోలే పద్ధతిని ఉత్తర అమెరికా అంతటా బోధించాడు. నేల మీద నడిచే మనిషి కూడా ఆ పద్ధతిని పాటించగలడని ఆయన చేసి చూపించాడు. నడిచే మనిషికి సాధ్యమైనది నెమ్మదిగా నడిపే బండికి ఎందుకు అసాధ్యం? దూకుడుగా పరుగెత్తించే రౌతు చేతిలో గుర్రం కూడా మందను చెల్లాచెదురు చేస్తుంది. తప్పు తోలేవాడి తొందరలో ఉంది.

అశ్వవాది: తొందర ఎక్కడినుంచి వస్తుందన్నది అడగవలసిన ప్రశ్న. బొటనవేలి కింద మీట ఉన్నప్పుడు మనిషి దాన్ని నొక్కకుండా ఉండలేడు. ఆరు గంటల పనిని రెండు గంటల్లో ముగించగలనన్న ఆలోచనే అతణ్ణి మంద వెనక తరుముకుపోయేలా చేస్తుంది. గుర్రం అలసిపోతుంది, అలసట రౌతుకు తెలుస్తుంది, ఆ అలసటే మంద వేగానికి హద్దు. దూడలున్న మందలో ఈ హద్దు ప్రాణప్రదం. వారం రోజుల దూడ తల్లి వెంట నెమ్మదిగా నడవగలదు, మందతో సమానంగా పరుగెత్తలేదు; వెనకబడి తల్లి కనబడకుండా పోతే అది ముందుకు వెతకదు, చివరిసారి పాలు తాగిన చోటికే తిరిగి పరుగు తీస్తుంది. అలా వెనుదిరిగిన రెండు మూడు దూడలను చూసి మిగిలినవీ మళ్లితే, మైలు దూరం నడిపించిన మంద మొత్తం బయలుదేరిన చోటికి చేరుతుంది. రెండు గంటల్లో ముగించాలనుకున్న పని సాయంత్రానికి కూడా తెమలదు.

ఇక్కడ యంత్రవాది వాదం బలహీనపడిందని అనుకోవడం తొందరపాటు. అతని దగ్గర ఉన్న అతి బలమైన ఉదాహరణ ఇంకా బయటికి రాలేదు.

యంత్రవాది: మందను వెనకనుంచి తోలడం ఒక్కటే మార్గమన్న ఊహ మీదే మీ వాదమంతా నిలిచింది. శాండ్‌హిల్స్‌లో చలికాలమంతా ట్రక్కు వెనక అమర్చిన దాణా పెట్టెతో ఆవులకు కేక్ వేస్తారు; కేక్ అంటే మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీశాక మిగిలే పిప్పి వంటి మాంసకృత్తుల మేతను బొటనవేలంత బిళ్లలుగా ఒత్తినది. ట్రక్కు దిబ్బ ఎక్కి హారన్ మోగించగానే, ఎక్కడెక్కడో మేస్తున్న ఆవులు తలలెత్తి, ముసలివి ముందూ పడుచువి వెనకా బారులు తీరి వస్తాయి. డ్రైవరు నెమ్మదిగా పోతూ నేలపై బిళ్లలు జారవిడిస్తే, ఆవులు ఆ గీత పొడవునా ఒకదాని పక్కన ఒకటి నిలబడి తింటాయి. అప్పుడు అతడు అదే గీత వెంట వెనక్కి వచ్చి ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టుకుంటాడు, కుంటేదాన్ని, కన్ను కారేదాన్ని గుర్తించుకుంటాడు. ఆ మందను వేరే బయలుకు మార్చాలంటే గేటు తీసి హారన్ కొట్టి ముందు నడవడమే. అక్కడ బెదురు వలయమూ లేదు, తొందరా లేదు. పశువు తన ఇష్టంతో యంత్రం వెంట నడుస్తుంది. ఇంతకంటే శాంతమైన పశుపాలన గుర్రంపై కూడా సాధ్యం కాదు.

అశ్వవాది: అది నిజంగా అందమైన పద్ధతి, అందులో లోపం వెతకనక్కర్లేదు, ఈననంతవరకూ, ఆకలి ఉన్నంతవరకూ అది చక్కగా సాగుతుంది. వసంతంలో పచ్చిక మొలిచాక కేక్ మీద ఆవుకు మోజు తగ్గుతుంది. ఈనిన తరువాత మరో చిక్కు వస్తుంది: తల్లి తన దూడను గడ్డిలో పడుకోబెట్టి దాచి, హారన్ విని తానొక్కతే పరుగెత్తి వస్తుంది. ట్రక్కు వెంట తల్లులు గేటు దాటుతాయి, దూడలు గడ్డిలో నిద్రపోతూ ఉండిపోతాయి. శాండ్‌హిల్స్‌లోనే రూపుదిద్దుకున్న ఒక ఈనిక పద్ధతిని ఇక్కడ చెప్పుకోవాలి. పెద్ద దూడల కడుపులో పెరిగే సూక్ష్మజీవులు పేడ ద్వారా పసి దూడలకు సోకి పారుడు రోగం వస్తుంది. దాన్ని అరికట్టడానికి నెబ్రాస్కా విశ్వవిద్యాలయ పశువైద్యులు ఒక ఉపాయం ఆలోచించారు. ఈనిక మొదలైన రెండు వారాలకు ఇంకా ఈనని చూడి ఆవులను కొత్త బయలుకు మార్చి, ఈనినవాటిని దూడలతో పాటు ఉన్నచోటే ఉంచుతారు. ఆపైన వారానికొకసారి అదే పని. దీనివల్ల ఒక్కొక్క బయలులో ఉండే దూడల మధ్య వయసు తేడా ఒకటి రెండు వారాలకు మించదు, పెద్దవాటి రోగం పసివాటికి అంటదు. ఈ పద్ధతి ఫలించాలంటే ఒకే మందలోంచి చూడి ఆవులను, ఈనినవాటిని ఒక్కొక్కటిగా విడదీయాలి. పొదుగు నిండి, తోక మొదట్లో పట్టు సడలి, రేపో మాపో ఈనబోయే ఆవు ఏదో, దూడను దాచి వచ్చిన తల్లి ఏదో గుర్తుపట్టాలి. గుర్రంపై కూర్చున్న మనిషి కళ్లు నేలకు ఎనిమిది అడుగుల ఎత్తున ఉంటాయి. అక్కడినుంచి గడ్డిలో దాగిన దూడ కనిపిస్తుంది, ఆవు ఎడమ డొక్క పీక్కుపోయిందా లేదా తెలుస్తుంది, ఇంజిన్ రొద లేనందువల్ల న్యుమోనియా పట్టినదాని దగ్గు వినిపిస్తుంది.

యంత్రవాది: దూడలతో ఉన్న మందను విడదీసే పని గుర్రానిదేనని ఈ పక్షం ఒప్పుకుంటుంది. కానీ ఆ వారాలు ఏడాదిలో ఎన్ని? ఆ కొద్దికాలం కోసం ఏడాది పొడవునా గుర్రాన్ని పోషించాలా?

అశ్వవాది: ఆ వారాలలోనే ఏడాది ఆదాయం పుడుతుంది, ఆవు అమ్మకానికి ఇచ్చేది దూడనే. అదీగాక రోగమొచ్చిన పశువు ఏ నెలలోనైనా ఉంటుంది. గిట్టల మధ్య చీము పట్టి కుంటే కోడెను బయలు మధ్యలోనే తాడు వేసి పట్టుకుని మందివ్వాలంటే, తాడును జీను ముందున్న కొమ్ముకు చుట్టి, గుర్రం తన బరువుతో బిగిపట్టి నిలబడితేనే పని జరుగుతుంది. రౌతు కిందికి దిగి సూది వేస్తున్నంతసేపూ ఆ గుర్రం, పైన ఎవరూ లేకపోయినా, తాడు వదులు కాకుండా కోడె కదిలికలను చూసుకుంటూ వెనక్కి జరుగుతూ నిలబడి ఉంటుంది. ఏ యంత్రమూ ఈ పని చేయదు.

యంత్రవాది: మందు నింపిన బాణాన్ని తుపాకీతో దూరంనుంచి కొట్టే పద్ధతి వచ్చింది కదా, ట్రక్కులోనుంచే ఆ పని అవుతుంది.

అశ్వవాది: అవుతుంది గాని, సూది మెడ మీద పడవలసింది తొడ మీద పడితే ఖరీదైన మాంసం చెడుతుంది, సూది విరిగి లోపల ఉండిపోతే మరీ ప్రమాదం. అమెరికా పశుపాలకులు తమకు తాము పెట్టుకున్న మాంస నాణ్యతా నియమాలు సూదిని భుజానికి ముందు, మెడపైనే వేయాలని పట్టుబడతాయి. కదిలే పశువు మీదికి దూరంనుంచి వేసిన బాణం ఆ నియమాన్ని ప్రతిసారీ పాటిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

తాడు విషయంలో అశ్వవాది చెప్పని సంగతి ఒకటుంది. కొమ్ముకు తాడు చుట్టే ఆ క్షణంలో వేలు మధ్యలో ఇరుక్కుని బొటనవేళ్లు పోగొట్టుకున్న పశుపాలకులు ఆ ప్రాంతాలలో అరుదు కాదు. తవ్వుకుపోయే పాకెట్ గోఫర్లు, బ్యాడ్జర్లు చేసిన కన్నాల్లో గిట్ట దిగి గుర్రంతో పాటు కూలినవారూ ఉన్నారు. గుర్రం ప్రమాదం లేనిదని వాదించడం అన్యాయం. అందుకే భద్రత గురించిన మాట యంత్రవాది వైపునుంచే వచ్చింది.

యంత్రవాది: గుర్రం బెదురుతుంది, తన్నుతుంది, పడేస్తుంది. బండికి భయం లేదు.

అశ్వవాది: బండికి భయం లేదు, అందుకే ప్రమాదం. ఏటవాలు దిబ్బ మీద కాలు జారుతుందనిపిస్తే గుర్రం ఆగిపోతుంది, క్వాడ్ ఆగదు. మూడు వందల కిలోల బండి, దాని పైన నడిపేవాడు ఎటు వాలితే అటు బరువు మళ్లే సీటు, తలపైన ఎలాంటి చట్రమూ లేదు. అది బోల్తా పడితే మనిషి దాని కింద పడి ఊపిరి ఆడక చనిపోతాడు. వెనక మందు కొట్టే ట్యాంకు కట్టి, అందులో ద్రవం సగం నింపి, దిబ్బ వాలులో అడ్డంగా పోతే, ఆ ద్రవం ఒక పక్కకు ఊగడమే చాలు బండి పొర్లడానికి. అమెరికాలో ఈ రకం వాహనాల ప్రమాదాలలో ఏటా వందలమంది మరణిస్తున్నారు. పశుపాలన విస్తారంగా ఉన్న ఆస్ట్రేలియా ఈ మరణాలను భరించలేక, 2021 అక్టోబర్ నుంచి కొత్తగా అమ్మే క్వాడ్‌లకు బోల్తా పడినప్పుడు మనిషి నలగకుండా వెనక రక్షణ కమాను తప్పనిసరి చేసింది. కొన్ని పెద్ద కంపెనీలు ఆ కమాను బిగించడం కంటే ఆ దేశంలో క్వాడ్‌ల అమ్మకం మానుకోవడమే మేలనుకున్నాయి.

యంత్రవాది: ఇది క్వాడ్ మీద నింద, యంత్రాలన్నిటి మీదా కాదు. సైడ్-బై-సైడ్ బండికి ఇనుప చట్రం ఉంది, సీటు బెల్టు ఉంది. బెల్టు పెట్టుకున్నవాడు బోల్తా పడినా చట్రం లోపలే ఉంటాడు. కేయ్ ట్రక్కుకు క్యాబిన్ ఉంది, తలుపులున్నాయి, చలిగాలిలో హీటరు ఉంది. రహదారి మీద పెద్ద వాహనాలతో ఢీకొంటే దాని సన్నని రేకు నిలవదన్నది నిజమే, అందుకే కొన్ని రాష్ట్రాలు దానికి రోడ్డు రిజిస్ట్రేషన్ ఇవ్వడానికి వెనకాడుతున్నాయి. కానీ కంచె లోపల ఆవులు తప్ప ఎదురొచ్చేవి లేవు. ఇక నేల సంగతి చూద్దాం. మీ పక్షం వారు యంత్రం ఇసుకనేలను పాడుచేస్తుందంటారు. క్వాడ్ చక్రంలో గాలి చదరపు అంగుళానికి 5 పౌన్ల చుట్టుపక్కల మాత్రమే. రౌతుతో కూడిన గుర్రం గిట్ట కింద పడే ఒత్తిడి దానికి కొన్ని రెట్లు.

అశ్వవాది: ఒక్క చోట పడే ఒత్తిడి గిట్టదే ఎక్కువ, అందులో సందేహం లేదు. కానీ గిట్ట చేసేది విడివిడి గుంటలు, చక్రం చేసేది ఎడతెగని గీత. రోజూ అదే దారిలో పోయే చక్రం గడ్డిని చంపి ఇసుకను బయటపెడుతుంది. దిబ్బ వాలులో ఆ గీత వెంట నీరు పారుతుంది, శిఖరం దగ్గర గాలి దూరుతుంది. గాలి ఒకసారి పట్టు దొరకబుచ్చుకుంటే గడ్డి వేళ్ల కింద ఇసుకను తొలుచుకుపోతూ గిన్నె ఆకారపు గుంట చేస్తుంది. శాండ్‌హిల్స్ పశుపాలకుడు తన భూమిలో అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఈ గాలి గుంటలకే. దాన్ని మళ్లీ గడ్డితో కప్పించడానికి ఏళ్లు పడుతుంది.

యంత్రవాది: ఆ గుంటలు చక్రాలు రాకముందూ ఉన్నాయి. నీటి తొట్టి చుట్టూ ఆవులు తొక్కిన చోటే అవి ఎక్కువగా పుడతాయి. పైగా వాటిలో మాత్రమే పెరిగే ఊదారంగు పూల మొక్క, బ్లోఅవుట్ పెన్‌స్టెమన్, గుంటలు తగ్గిపోయినందువల్లే అంతరించే దశకు చేరి 1987లో ప్రభుత్వ రక్షణ జాబితాకు ఎక్కింది.

ఈ చివరి మాట వాదానికి నేరుగా సంబంధించింది కాకపోయినా వదిలిపెట్టదగింది కాదు. మేతభూమిని కాపాడుకున్న పశుపాలకుల శ్రద్ధే ఒక మొక్కకు చోటు లేకుండా చేసిందన్నది, నేల గురించి ఏ పక్షమూ తీర్పు తేలిగ్గా ఇవ్వకూడదని గుర్తుచేస్తుంది. అయినా చక్రపు గీత విషయంలో అశ్వవాదిదే సరైన పరిశీలన. ఆవు తొక్కే దారి నీటి తొట్టి దగ్గర తప్పనిది, దిబ్బ శిఖరం మీదుగా చక్రం పోవడం తప్పించుకోగలిగినది.

అశ్వవాది: మరో మాట. శాండ్‌హిల్స్ మందలు ఎక్కువగా ఆంగస్, హియర్‌ఫర్డ్ వంటి నెమ్మదైన జాతులవి. ఆ నెమ్మదిని చూసి యంత్రం అన్నిచోట్లా నడుస్తుందనుకోకూడదు. టెక్సస్ సముద్రతీరపు వేడిలో పెంచే బ్రాహ్మన్ జాతి ఒంగోలు, గిర్, గుజరాత్ కాంక్రేజ్ వంటి భారతీయ పశువుల రక్తంతో రూపొందింది. 1924లో హ్యూస్టన్‌లో దానికి సంఘం ఏర్పడింది. ఒంగోలు గిత్తను పెంచిన తెలుగు రైతుకు ఆ జాతి స్వభావం కొత్తగా చెప్పనక్కర్లేదు: మచ్చిక చేసి చేరదీస్తే చిన్నపిల్ల కూడా ముకుతాడు పట్టుకు నడిపించవచ్చు, బెదరగొడితే ఏళ్లతరబడి మరచిపోదు. అలాంటి రక్తమున్న మందలో ఇంజిన్ రొదతో ఒకసారి చేసిన తప్పును దిద్దుకోవడానికి చాలాకాలం పడుతుంది.

యంత్రవాది: అదే మంద దాణా తెచ్చే ట్రక్కును చూసి అంత తొందరగానూ మచ్చికవుతుంది కూడా.

అశ్వవాది: అవుతుంది. ట్రక్కు తిండి తెస్తుంది, క్వాడ్ తరుముతుంది. పశువుకు ఆ తేడా తెలుసు. అయితే మీ ముందు ఒక ప్రశ్న ఉంచక తప్పదు. మూడింటిలో రెండే ఉంచుకొమ్మంటే మీరు దేన్ని వదులుతారు?

యంత్రవాది: బరువు క్వాడ్‌పై కంటే ట్రక్కులో ఎక్కువ పోతుంది. పశువు దగ్గర క్వాడ్ కంటే గుర్రం నయమని ఇప్పటికే ఒప్పుకున్నదే. క్వాడ్‌కు మిగిలేది వేగం ఒక్కటే. ఆ వేగం వల్లే మనుషులు చనిపోతున్నారు. వదలవలసి వస్తే క్వాడ్‌నే వదలాలి.

అశ్వవాది: ఇంట్లో పిల్లలున్న క్షేత్రాలకైతే ఈ నిర్ణయం రేపటికి వాయిదా వేయకూడనిది. రాంచ్ కుటుంబాలలో పదేళ్లు దాటగానే పిల్లలు పనిలో చేయి వేస్తారు. పదహారేళ్లు నిండనివారికి పెద్దల క్వాడ్ ఇవ్వకూడదని అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ, పిల్లల వైద్యుల సంఘం ఎంతకాలంగానో చెబుతున్నా, గేటు తీసి రమ్మని పిల్లవాణ్ణి దాని మీదే పంపుతున్నారు.

యంత్రవాది: ఈ విషయంలో రెండు పక్షాలు లేవు.

దూడలున్న మంద దగ్గర గుర్రం, బరువూ దూరమూ ఉన్నచోట చట్రమున్న చిన్న ట్రక్కు అన్నదే శాండ్‌హిల్స్ వంటి నేలకు తగిన ఏర్పాటు. ఉన్న క్వాడ్‌ను వెంటనే అమ్ముకోలేని కుటుంబం కనీసం రక్షణ కమాను బిగించి, మందు ట్యాంకును దాని మీదనుంచి దించి ట్రక్కుకు మార్చి, తాళం చెవిని పిల్లల చేతికి అందనిచోట పెట్టాలి.